కాళ్ళు కడిగే కొట్టు

ఆ ఫోను ముందు ఇలా ఇవ్వండి. బ్యాగు కొందామని చూస్తుంటే "మీరెక్కడున్నారు?" అని అదడగడమూ, మీరిద్దరూ ఎగబడి చెప్పెయ్యడమూనా! కూర్చోండి, కథ చెప్తాను.

అనగనగా ఎర్రమట్టి గుట్టకీ నల్లమట్టి చెరువుకీ మధ్య ఒక అడవి. ఆ అడవిలో ఒక పునుగుపిల్లి తేనె కొట్టు పెట్టింది. అబ్బో, ఎంత మర్యాదో! ఎవరొచ్చినా గుమ్మంలోనే పళ్ళెం పెట్టి, "దుమ్ములో పడి వచ్చారు, కాళ్ళు కడుక్కోండమ్మా" అంటూ చెంబుతో నీళ్ళు పోసేది. జంతువులన్నీ పొంగిపోయేవి.

గుట్ట మీద ఉండే ముంగిస పిల్లకి దగ్గు పట్టుకుంది. రాత్రీ పగలూ ఒకటే దగ్గు. తేనె నాకితే గాని తగ్గదన్నారు పెద్దలు. ముంగిస కొట్టుకి పరుగెత్తి, కాళ్ళు కడుక్కుని, "దొప్పెడు తేనె ఎంత, మామా?" అని అడిగింది.

"బుట్టెడు రేగుపళ్ళమ్మా" అంది పునుగుపిల్లి.

ఇంట్లో ఉన్న పళ్ళన్నీ అవే. అయినా పోసేసింది పిచ్చితల్లి.

దారిలో చెరువుగట్టు కొంగ ఎదురైంది. దాని దగ్గరా అదే తేనె దొప్ప.

"నీకెంతకిచ్చాడు, వదినా?"

"దోసెడు పళ్ళకి. ఏం?"

ముంగిసకి కడుపు మండిపోయింది. ఒకటే కొట్టు, ఒకటే కుండ! తేనె అయిపోయింది, దగ్గు మాత్రం పోలేదు. ఈసారి నవ్వుతూ వెళ్ళి, మామని తెగ పొగిడింది. బుట్టెడే అన్నాడు మామ. పొరుగున ఉన్న కుందేలుని పంపింది. దానికీ బుట్టెడే. "అతివినయం ధూర్తలక్షణమని మా అమ్మ ఊరికే అనలేదు" అనుకుని, పొద చాటున నక్కి చూసింది.

పునుగుపిల్లి ఎవరి ముఖమూ చూడటం లేదు. పళ్ళెంలోకి చూస్తోంది! నీళ్ళు ఎర్రగా దిగితే బుట్టెడు, నల్లగా దిగితే దోసెడు. చెరువు దగ్గర ఎలుగుబంటి కూడా తేనె అమ్ముతుంది. ధర పెంచితే చెరువువాళ్ళు అటు పోతారు. పాపం, రోజూ అంత దూరం పోలేని గుట్టవాళ్ళకి వేరే దిక్కు లేదు.

మర్నాడు ముంగిస కాళ్ళకి చెరువు బురద పూసుకుని వెళ్ళింది.

"చెరువు వైపు నుంచా, తల్లీ? దోసెడు చాలు" అంది పునుగుపిల్లి. ఇంతలో నల్లనీళ్ళ వెనకే ఎర్రనీళ్ళూ దిగాయి. దాని ముఖం మాడిపోయింది. వెంటనే సర్దుకుని గొంతు తగ్గించింది. "పోనీలే, నీకెప్పుడూ దోసెడే. గుట్ట మీద మాత్రం ఎవరికీ చెప్పకు."

ముంగిస తేనె తెచ్చుకుంది. పిల్ల నాకి, హాయిగా నిద్రపోయింది. అప్పుడు పక్క బొరియలోంచి కుందేలు పిల్ల దగ్గు వినిపించింది. దాని తల్లి ఎండలో పడి ఇంకా రేగుపళ్ళు ఏరుతూనే ఉంది. "నా పిల్లకి తగ్గిందిగా, నాకెందుకులే" అనుకుందా ముంగిస? అనుకుంది! ఎందుకు అబద్ధం చెప్పాలి, కాసేపు అనుకుంది. పక్కన మళ్ళీ దగ్గు. ఇక ఉండలేక లేచి వెళ్ళి కుందేలుకి అంతా చెప్పేసింది. అది గుట్టంతా చాటింది.

తెల్లారేసరికి గుట్టవాళ్ళందరూ ఎర్రమట్టీ నల్లమట్టీ కలిపి తొక్కి కొట్టుకి వచ్చారు. సంగతి తెలిసి కొంగ కూడా అలాగే తొక్కి వచ్చింది. పునుగుపిల్లి నీళ్ళు పోసింది. ఏ రంగో తేలలేదు. మళ్ళీ పోసింది. చెంబు ఖాళీ అయింది.

"ధర... ధర..." అంటూ నీళ్ళు నమిలింది.

ముంగిస ముందుకొచ్చింది. "తేనె ధర అడిగితే మా కాళ్ళ వంక చూస్తావేం, మామా? కుండ వంక చూసి చెప్పు!"

అందరూ గొల్లున నవ్వారు. అందరికీ బుట్టెడంటే చెరువువాళ్ళు ఎలుగుబంటి దగ్గరికి పోతారు కదా, ఆ రోజు నుంచి అందరికీ దోసెడే. సాయంత్రానికి కుందేలు పిల్ల కూడా తేనె నాకి పడుకుంది.

పళ్ళెం మాత్రం ఇంకా గుమ్మంలోనే ఉందట. పునుగుపిల్లి ఇప్పటికీ కాళ్ళు కడుక్కోమంటూనే ఉందట. ఇదిగో, మీ ఫోను అడిగినట్టే.

నీతి: ధర చెప్పేముందు నీ ఊరు ఆరా తీసేవాడి దగ్గర, పక్క ఊరివాళ్ళకి ఎంతకిచ్చాడో కనుక్కుని మరీ కొను, నీకు తెలిసింది పదిమందికీ చెప్పు.