హయా వరుస

ఇప్కూకు హయా అనే దేవుడితో చిక్కొచ్చి పడింది.

వేల ఏళ్ళ కిందటి నిప్పూరు పట్టణంలో లూదింగిర అనే గురువు దగ్గర ఏడేళ్ళుగా రాత నేర్చుకుంటున్నాడతను. దేవుళ్ళ పేర్లన్నీ తప్పులేకుండా మట్టి పలక మీదికి ఎక్కిస్తే చదువు అయిపోయినట్టే. సొంత ముద్ర చేతికొస్తుంది. ఏడేళ్ళ చాకిరీ ఆ ముద్ర కోసమే.

ఇప్కూ రాసి ఆరబెట్టిన పలక చూస్తున్న గురువు వేలు ఒకచోట ఆగింది.

"హయా ఏడీ?"

"వదిలేశానండీ. ఎంత వెతికినా ఆయన సంగతి తేలలేదు. రాతల తల్లి నిసాబాకు మొగుడు. నిన్లిల్‌కు తండ్రి. దేవతల రాజు ఎన్లిల్‌కు పిల్లనిచ్చిన మామ. అన్నీ చుట్టరికాలే! అసలు తనంతట తాను ఎవరు గురువుగారూ?"

శిష్యుడికి పొగరు కొంత ఉన్నా, తెలుసుకోవాలన్న ఉబలాటం అంతకంటే ఎక్కువ. గురువుకు నవ్వొచ్చింది. ఆపుకున్నాడు.

"అది తర్వాత చూద్దాం. ముద్రలు చెక్కే అతను వస్తున్నాడు. నీ ముద్ర మీద ఏముండాలో రాసివ్వు," అని తడిమట్టి ముద్ద చేతికిచ్చాడు.

ఇప్కూ ఎగిరి గంతేసినంత పనిచేశాడు. ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: ఇప్కూ, షుమీ కొడుకు, లూదింగిర శిష్యుడు, నిసాబా సేవకుడు.

గురువు బొటనవేలు తడిచేసుకుని 'షుమీ కొడుకు'ను చెరిపేశాడు. తర్వాత 'లూదింగిర శిష్యుడు'. ఆ తర్వాత 'నిసాబా సేవకుడు'.

"ఇప్పుడు చెక్కించుకో."

మట్టి మీద ఇప్కూ అన్న పేరొక్కటే మిగిలింది. ఊళ్ళో ఆ పేరుగలవాళ్ళు పదిమందైనా ఉంటారు. అతను ఆ ముద్దను అటూ ఇటూ తిప్పి చూశాడు. అయినా ఊరుకోలేకపోయాడు.

"మరి హయా..."

అంతలో వీధిలోంచి ఎవరో కేకేశారు: "బీరు కాచే గెమే మొగుడున్నాడా లోపల?"

ఇప్కూకు ఒళ్ళు మండింది. ఇంతటి పండితుణ్ణి భార్య పేరుతో పిలిచే తీరు అదేనా!

"ఆఁ, ఉన్నా! వస్తున్నా!" అంటూ గురువు గబగబా లేచి, భుజం మీది బట్ట సర్దుకుంటూ సంబరంగా బయటికి వెళ్ళాడు.

ఆయన దాటిన గుమ్మం కేసి ఇప్కూ చాలాసేపు చూశాడు. ఆరిన పలకలో కొత్త వరుస ఇరికించడం కుదరదు. దాన్ని నీళ్ళ తొట్టిలో పడేసి, మళ్ళీ మొదటినుంచి మట్టి పిసికాడు.

ఈసారి పలకను కొంచెం పొడుగ్గా చేశాడు.