మాట అయ్యేదాకా ముడుచుకోని పొలుసమ్మ

అనగనగా ఒక అడవిలో ఒక సింహం ఉండేది అనగానే మీ మొహాలు వాడిపోతాయని నాకు తెలుసు. మళ్ళీ సింహమేనా అంటారు. ఏం చెయ్యను, ఆ అడవిలో నిజంగానే ఒక సింహం ఉండేది. కానీ ఈ కథ దానిది కాదు. పొలుసమ్మది.

పొలుసమ్మ ఒక అలుగు. అలుగుని మీరు చూసి ఉండరు. ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు. పొడుగాటి మూతి. నోట్లో ఒక్క పన్ను కూడా ఉండదు, కాబట్టి పొద్దున్నే పళ్ళు తోముకోమంటే మీలాగా ఏడవక్కర్లేదు. నాలుక బారెడు చాపి చీమల్నీ చెదల్నీ తింటుంది. భయం వేస్తే మూతి పొట్టలో దూర్చుకుని బంతిలా ముడుచుకుపోతుంది. అందులో దాని తప్పేం లేదు. దేవుడు దాన్ని అలాగే చేశాడు.

ఆ అడవికి రాజు గంభీరుడు. అదే, మీకు నచ్చని సింహం. రాజుగారికి తన జూలంటే మహా ముచ్చట. రోజూ చూసుకోవాలి. పారే వాగులో మొహం నిలకడగా కనిపించదు కదా. అందుకని అడవిపందుల చేత రాళ్ళూ మట్టీ పోయించి వాగుకి అడ్డంగా ఒక గట్టు కట్టించారు. గట్టు వెనక నీళ్ళు నిలిచి పెద్ద మడుగు అయింది. పొద్దున్నే రాజుగారు మడుగు ఒడ్డున నిలబడి, ఎడమ వైపు జూలు చూసుకుని, కుడి వైపు జూలు చూసుకుని, "ఊఁ" అనేవారు. ఆ రోజుకి రాచకార్యం అయిపోయినట్టే.

మడుగు పైన మంచి మెట్ట నేల ఉంది. అక్కడ బొరియలు తవ్వితే మట్టి జారి నీళ్ళు బురదవుతాయని రాజుగారు ఒక ఆజ్ఞ వేశారు. బొరియల్లో బతికేవాళ్ళంతా గట్టు కింద పల్లంలోనే ఉండాలి. దాంతో కుందేళ్ళు, ముంగిసలు, పందికొక్కులు, మన పొలుసమ్మ, అందరూ పల్లంలోకి దిగి కాపురాలు పెట్టారు. పొలుసమ్మకి ఒక్కడే కొడుకు. పేరు చిట్టిగుండు. అమ్మ తోక మీద ఎక్కి ఊరేగడం తప్ప వాడికి వేరే పని లేదు.

రాజుగారి కొలువులో ఒక పద్ధతి ఉండేది. ఎవరు మాట్లాడాలన్నా ముందు ముక్కు నేలకి ఆనించి దణ్ణం పెట్టాలి. తర్వాత "అంతా క్షేమం, ప్రభూ" అనాలి. ఏం చెప్పుకున్నా ఆ తర్వాతే. ఈ పద్ధతి పెట్టినవాడు మంత్రి మెప్పులయ్య. ఆయన ఒక కొండముచ్చు. అంతా క్షేమం అని చెప్పేశాక ఇంకేం చెబుతారు పాపం? అందరూ ఆ ముక్క అనేసి ఇంటికి పోయేవారు. రాజుగారు కూడా అంతా క్షేమమే అనుకునేవారు.

ఎండాకాలం చివర ఒకనాడు పొలుసమ్మ చెదల కోసం గట్టు దగ్గరికి వెళ్ళింది. ఆ గట్టుని ఒక పాత చెదల పుట్ట మీద కట్టారు. పైన చూస్తే కొండలా ఉంటుంది, లోపలంతా సందులే. పొలుసమ్మ ఒక కన్నంలోకి నాలుక చాపింది. చెదలు తగల్లేదు. చల్లగా నీళ్ళు తగిలాయి. ఇంకో కన్నంలో పెట్టింది. అక్కడా నీళ్ళే. మూడో కన్నంలో పెట్టేసరికి మట్టిపెళ్ళ ఊడి మూతి మీద పడింది.

పొలుసమ్మ ఇంటికి పరుగెత్తి, పక్క బొరియలో ఉండే కుందేలు చెవులమ్మని పిలిచింది.

"వదినా, గట్టు లోపల డొల్లగా ఉంది. వాన గట్టిగా ఒక్కటి పడితే తెగిపోతుంది. నీళ్ళన్నీ మన బొరియల్లోకే వస్తాయి."

చెవులమ్మ నోట్లో గడ్డి నోట్లోనే ఆగిపోయింది. "పిల్లల్ని తీసుకుని పైకి పోదామా?"

"పై నేలకి ఎలుగుబంటి కాపలా ఉంది కదా. రాజుగారు ఊఁ అంటేనే పోగలం. ఆయనకి ఎవరో ఒకరు చెప్పాలి."

"చెప్పు మరి."

"నేనా? నువ్వు చెప్పకూడదూ?"

"నాకు ఏడుగురు పిల్లలు వదినా."

"నాకు ఒక్కడే. అయితే ఏం, వాడు ఉత్తినే వచ్చాడా?"

"అది కాదు. నీకు పొలుసులున్నాయి. రాజుగారికి కోపం వచ్చినా నిన్ను నమలడానికి కాస్త ఆలస్యం అవుతుంది."

పొలుసమ్మకి ఆ మాట అంత ధైర్యం ఇవ్వలేదు. అయినా మర్నాడు కొలువుకి వెళ్ళింది. ముక్కు నేలకి ఆనించింది. సరిగ్గా అప్పుడే రాజుగారికి ఆవలింత వచ్చింది. ఆ నోట్లో కోరలు చూసి, ఒక్క పన్నూ లేని పొలుసమ్మ ఠక్కున ముడుచుకుపోయింది. ముడుచుకుంటే ముడుచుకుంది, నేల వాలుగా ఉంది కదా, దొర్లుకుంటూ పోయింది. కోతులు దాన్ని పట్టుకుని అటూ ఇటూ తన్ని ఆడుకున్నాయి. రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు.

"రేపు కూడా రమ్మనండి. బాగుంది," అన్నారు.

రెండో రోజు వెళ్ళింది. దణ్ణం పెట్టింది. పళ్ళు బిగబట్టుకుందామంటే పళ్ళు లేవు, కళ్ళు మూసుకుంది. "అంతా క్షేమం, ప్రభూ. కానీ గట్టు..." అంది.

"కానీ" అన్న మాట ఆ కొలువులో ఎవరూ అనలేదు ఇంతవరకూ. రాజుగారు "ఏమిటీ" అని గర్జించారు. పొలుసమ్మ ముడుచుకుపోయింది. మిగతా మాటలన్నీ తన పొట్టకే చెప్పుకుంది. బయటికి బుడబుడమని మాత్రం వినిపించింది.

"ఏమంటోంది?" అని అడిగారు రాజుగారు.

మెప్పులయ్య చెవి పెట్టి విన్నాడు. ఆయనకీ ఏమీ అర్థం కాలేదు. "గట్టు బ్రహ్మాండంగా ఉందంటోంది, ప్రభూ," అన్నాడు.

రాజుగారు మురిసిపోయి పొలుసమ్మకి చెదలు పట్టిన ఇప్పదుంగ ఒకటి బహుమానం ఇప్పించారు.

దుంగ దొర్లించుకుంటూ పొలుసమ్మ ఇంటికి వచ్చింది. చిట్టిగుండు నాలుక చాపి చాపి తిన్నాడు. "అమ్మా, రాజుగారు ఎంత మంచివాడే. రేపు కూడా వెళ్ళవే," అన్నాడు. పొలుసమ్మ ఒక్క చెద కూడా ముట్టలేదు. తను అనని అబద్ధం తన పేరు మీద కొలువులో కూర్చుంది. బహుమానం కూడా తెచ్చేసుకుంది.

మూడో రోజు తెల్లారేసరికి పడమటి కొండ మీద మబ్బు. నల్లగా, నీళ్ళు నిండిన కుండలా ఉంది. పొలుసమ్మ బొరియ బయట నిలబడి చేతులు జోడించింది.

"దేవుడా, నన్ను ఏనుగుని చెయ్యి. ఇవాళ ఒక్కరోజు చాలు."

కాసేపు ఆగి కాళ్ళ వంక చూసుకుంది. అవే కాళ్ళు.

"పోనీ దేవుడా, నా బదులు ఇంకెవరినైనా పంపు."

పక్క బొరియలోంచి చెవులమ్మ తల బయటికి పెట్టింది. మబ్బు చూసింది. తల లోపలికి పెట్టేసుకుంది.

పొలుసమ్మకి నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. అప్పుడు ఇలా అంది. "సరే దేవుడా. నేనే వెళ్తాను. నా భయం తీసెయ్యమని అడగను, అది నాతోనే పుట్టింది. నువ్వు నా పక్కన ఉండు. మాట అయ్యేదాకా నన్ను ముడుచుకోనివ్వకు. తర్వాత నీ ఇష్టం."

ఆకాశంలోంచి ఏ గొంతూ వినిపించలేదు. మెరుపూ మెరవలేదు. కాళ్ళు మాత్రం కొలువు వైపు నడవడం మొదలుపెట్టాయి. పొలుసమ్మ వాటి వెంట వెళ్ళింది.

ఆ రోజు కొలువు నిండుగా ఉంది. బంతాట చూద్దామని అందరూ వచ్చారు మరి. పొలుసమ్మ దణ్ణం పెట్టి లేచి నిలబడింది.

"అంతా క్షేమం కాదు, ప్రభూ," అంది.

"తప్పు చెప్పావు," అన్నాడు మెప్పులయ్య. "మొదట్నించీ అను."

"తప్పు కాదు మంత్రిగారూ. రెండు రోజుల్నించీ ఇదే చెబుదామని వస్తున్నాను." పొలుసమ్మ పొలుసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. "ప్రభూ, మీ గట్టుని చెదల పుట్ట మీద కట్టారు. లోపల డొల్ల. నీళ్ళు ఊరుతున్నాయి."

రాజుగారు గర్జించారు. చెట్ల మీద పిట్టలు లేచిపోయాయి. పొలుసమ్మ మూతి దానంతట అదే పొట్ట వైపు వంగింది. సగం వంగింది. "దేవుడా," అంది లోపల. మూతి ఆగింది. మళ్ళీ పైకి లేచింది.

"ఇవాళ వాన వస్తుంది. గట్టు తెగితే పల్లంలో పిల్లలు ఒక్కరూ మిగలరు. మా అందరినీ పై నేలకి రానివ్వండి. మీరు మొహం చూసుకునే నీళ్ళు, ప్రభూ, మా పిల్లల్ని ముంచుతాయి. నిన్న గట్టు బాగుందని నేను అనలేదు. మీరిచ్చిన ఆ దుంగ తిరిగి ఇచ్చేస్తాను. కొంచెం మావాడు తినేశాడు. అంతే, ప్రభూ. నా మాట అయిపోయింది."

అయిపోయిందా, అప్పుడు ముడుచుకుంది. చక్కగా, గుండ్రంగా, ఎవరూ విప్పలేనంత గట్టిగా.

రాజుగారు ఆ బంతి మీద పంజా వేశారు. "నా గట్టు డొల్లా? పదండి అందరూ. వాన వచ్చి వెలిసేదాకా ఆ గట్టు మీదే కూర్చుంటాను. గట్టు నిలిచిందా, ఈ బంతిని కొండ అంచు మీంచి కిందికి తోయిస్తాను."

కోతులు బంతిని దొర్లించుకుంటూ రాగా, అడవంతా గట్టు దగ్గరికి కదిలింది. రాజుగారు గట్టు మధ్యలో రాజసంగా కూర్చున్నారు. కూర్చోగానే మట్టి చప్‌మంది. రాజుగారు కదల్లేదు. కాసేపటికి కింద చల్లగా తగిలింది. ఇంకాసేపటికి మరీ చల్లగా తగిలింది. అయినా బిగుసుకుని కూర్చున్నారు. ఇక కూర్చోలేక లేచేసరికి నడుము నుంచి తోక కుచ్చు దాకా బురద. కూర్చున్న చోట గుంట పడి, అందులోకి నీళ్ళు బుడబుడమని ఊరుతున్నాయి.

రాజుగారు మెల్లగా అటు తిరిగారు. "మెప్పులయ్యా, నా వెనక ఎలా ఉంది?"

"దివ్యంగా ఉంది, ప్రభూ."

బురద చుక్క ఒకటి మెప్పులయ్య పాదం మీద పడింది. ఆయన పాదం వెనక్కి తీసుకున్నాడు కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

"కాపలా ఎలుగూ, నువ్వు చెప్పు."

"అంతా క్షేమం, ప్రభూ," అంది ఎలుగుబంటి, చూపు తోక మీదే పెట్టి.

రాజుగారు బంతి దగ్గరికి వచ్చి వంగారు. "నువ్వు చెప్పు, పొలుసమ్మా."

బంతి లోపల్నించి సన్నగా వినిపించింది. "నేను ఇంకా చూడలేదు, ప్రభూ." బంతి కొంచెం విచ్చుకుంది. ఒక కన్ను బయటికి వచ్చింది. "బురద, ప్రభూ. తోక చివరి దాకా."

 రాజుగారు తోక ముందుకి తిప్పి బురద చూసుకున్నారు. తర్వాత అన్నారు, "నా ఒంటికి బురద అంటిందని చెప్పడానికే ఇంతమందికి నోరు రాలేదే. మరి ఇన్నేళ్ళూ నాకు ఏమేం చెప్పలేదో." పడమటి కొండ వైపు చూశారు. మబ్బు సగం ఆకాశం కమ్మేసింది. "పొలుసమ్మా, ఇప్పుడేం చెయ్యాలి?"

"పిల్లల్ని పైకి చేర్చాలి, ప్రభూ. గట్టు చివర రాతినేల పక్కన కాలవ తవ్వితే నీళ్ళు కొంచెం కొంచెంగా పోతాయి. తవ్వడం నాకు వచ్చు."

ఆ తర్వాత చూడాలి ఆ హడావిడి. ఎలుగుబంటి రెండు చంకల్లో ముంగిస పిల్లల్ని పెట్టుకుని పైకి పరుగెత్తింది. చెవులమ్మ ఏడుగురు పిల్లల్నీ ఒక్కొక్కరినే చెవి పట్టి తెచ్చింది. చిట్టిగుండుని సాక్షాత్తూ రాజుగారే నోట కరుచుకుని తెచ్చారు. వాడు ఏమాత్రం భయపడలేదు. "మీ నోరు చాలా పెద్దది రాజుగారూ," అన్నాడు. పొలుసమ్మ, అడవిపందులు కలిసి కాలవ తవ్వారు. నీళ్ళు సగానికి దిగాయో లేదో వాన కుండపోతగా మొదలైంది. చూస్తుండగా గట్టు మధ్యలో కుంగింది. గండి పడింది. నీళ్ళు పల్లంలోకి దూకి ప్రతి బొరియలోనూ దూరి వెతికాయి. ఎవరూ దొరకలేదు.

అందరూ రాజుగారి గుహలో ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. మెప్పులయ్యకి శిక్ష ఏమీ పడలేదు. రాజుగారి తోక కడిగే పని మాత్రం పడింది. "ఇంకా ఉందా?" అని రాజుగారు అడిగితే, ఆయన మొదటిసారి "ఉంది, ప్రభూ, చాలా ఉంది," అన్నాడు. రాజుగారు నవ్వారు.

"నిన్నటిదాకా ముడుచుకుపోయేదానివి కదా. ఇవాళ అంత ధైర్యం ఎక్కడిది?" అని పొలుసమ్మని అడిగారు.

"నాది కాదు, ప్రభూ. దేవుణ్ణి అడిగాను. మాట అయ్యేదాకా చాలన్నాను. సరిగ్గా అంతవరకే ఇచ్చాడు."

"ఇంకాస్త ఎక్కువ అడగాల్సింది."

పొలుసమ్మ గుహంతా చూసింది. చెవులమ్మ పిల్లలు ఎలుగుబంటి మీద నిద్రపోతున్నారు. చిట్టిగుండు రాజుగారి జూలులో చిక్కుకుని బయటికి రానంటున్నాడు. "అడగనివన్నీ కూడా ఇచ్చాడు, ప్రభూ," అంది.

సాయంత్రానికి వాన వెలిసింది. తడిసిన నేలలోంచి ఉసిళ్ళు, అంటే రెక్కలొచ్చిన చెదలు, లేచాయి. ఒకటా రెండా, గాలి నిండా రెక్కలే. అలుగులకి అంతకంటే పండగ ఉండదు. పొలుసమ్మ రెండు రోజుల్నించీ ఏమీ తినలేదు. ఉసిళ్ళు వచ్చి దాని మూతి మీదే వాలుతున్నాయి. చిట్టిగుండు అప్పుడే నాలుక చాపాడు.

"ఆగరా," అంది పొలుసమ్మ.

బురద చేతులు రెండూ జోడించి కళ్ళు మూసుకుంది. చిట్టిగుండు నాలుక లోపలికి లాక్కుని, తనూ చిన్న చేతులు జోడించాడు. ఆ దణ్ణం ఎంతకీ అవ్వలేదు. వాడికి ఆకలేసింది, అయినా ఆగాడు. చెవులమ్మ వచ్చి పక్కన నిలబడింది. వెనక పెద్ద నీడ ఒకటి పడింది. రాజుగారు కూడా వచ్చి తల వంచి నిలబడ్డారు.

నీతి: నిజం చెప్పడానికి భయం పోయేదాకా ఆగక్కర్లేదు. దేవుణ్ణి నమ్మి నోరు విప్పిన చిన్న ప్రాణికి, ఎంత పెద్దవాళ్ళ ఎదుటైనా, మాట పూర్తయ్యేంత ధైర్యం ఆయనే ఇస్తాడు. ఇచ్చాక ఆయనకి దణ్ణం పెట్టడం మాత్రం మరిచిపోకండి.