క్యాసెట్టు రెండో వైపు

ఒంగోలులో ఒక బిజినెస్ కాలేజీలో త్రివిక్రమరావు అనే మాస్టారు ఉండేవాడు. లోకంలో అందరినీ మారమని చెప్పేవాడు గానీ తన నోట్సులో మాత్రం ఒక్క ముక్క మార్చేవాడు కాదు.

ఆ నోట్సులో ఆయనకి ప్రాణమైన పాఠం ఒకటుండేది. దాని పేరు క్యాసెట్ల కోటయ్య. ట్రంకు రోడ్డులో కోటయ్యకి రికార్డింగు షాపు ఉండేది. జనం పాటల లిస్టు రాసిస్తే క్యాసెట్టులో ఎక్కించి ఇచ్చేవాడు. ఇరవై రెండేళ్ల కిందట మాస్టారు అతని షాపులో మూడు రోజులు కూర్చున్నాడు. ప్రశ్నలడిగాడు, అతను తెప్పించిన టీలు తాగాడు, మళ్లీ వస్తానని చెప్పి స్కూటరెక్కాడు. పాఠం రాసేశాడు. మళ్లీ వెళ్లలేదు.

అప్పట్నుంచి ఏటా కొత్త పిల్లలొచ్చేవాళ్లు, పాఠంలోకి మాత్రం పాత కోటయ్యే వచ్చేవాడు. మాస్టారు సంచీలోంచి ఒక క్యాసెట్టు తీసి, దాని కన్నంలో పెన్సిలు దూర్చి గిరగిరా తిప్పేవాడు. కోటయ్యలాగే తల గీరుకునేవాడు. అతనిలాగే మాట కూడబలుక్కుంటూ, "క్యాసెట్టు లేకపోతే... జనం పాటల్ని... చెవుల్లో పోసుకుంటారా సార్?" అనేవాడు. పిల్లలు బల్లలు చరిచి మరీ నవ్వేవాళ్లు. "చూశారా, మారనివాడి గతి ఇదీ!" అని మాస్టారు చేతులు దులుపుకునేవాడు.

ఇట్లా ఉండగా కాలేజీకి గడ్డురోజులొచ్చాయి. మాస్టార్లు గంటసేపు చెప్పేది పిల్లలకి ఫోను నిమిషంలో చెప్పేస్తోంది. సీట్లు సగం ఖాళీ. ప్రిన్సిపాల్ మేడం అందరినీ కూర్చోబెట్టింది.

"ఇకమీదట ఆదివారాలు ఊళ్లో షాపులవాళ్లకి క్లాసులు పెడుతున్నాం. వాళ్లకి పనికొచ్చేది మనం చెబుదాం, మనకి తెలియంది వాళ్ల దగ్గర నేర్చుకుందాం. ఈ క్లాసు నిలబడితేనే కాలేజీ నిలబడేది. దయచేసి పాత నోట్సులు ఇంట్లో పెట్టి రండి" అంది.

మొదటి క్లాసు త్రివిక్రమరావుకే ఇచ్చింది. ఆయన నోట్సు ఇంట్లోనే పెట్టి వచ్చాడు. ఎందుకంటే అదంతా ఆయనకి నోటికొచ్చు.

ఆదివారం ముప్పైమంది దాకా వచ్చారు. టిఫిన్ సెంటర్ నడిపే ఆదెమ్మ ముందు బెంచీలో కూర్చుంది. ఆమె పక్కన నెరిసిన జుట్టు, లావు కళ్లద్దాల పెద్దాయన ఒకడు సర్దుకుని కూర్చున్నాడు. మాస్టారు ఎవరినీ పేరు అడగలేదు, ఏం వ్యాపారమనీ అడగలేదు. నేరుగా క్యాసెట్టు తీసి పెన్సిలు తిప్పాడు. తల గీరుకున్నాడు. చెవుల్లో పోసుకునే మాట దగ్గరికి వచ్చేసరికి క్లాసంతా ఘొల్లుమంది. కళ్లద్దాల పెద్దాయన కూడా నవ్వాడు.

నవ్వి, మెల్లగా లేచి నిలబడ్డాడు. "ఆ కోటయ్య ఇప్పుడేం చేస్తున్నాడు సార్?"

మాస్టారికి తెలియదు. తెలియదనడం ఆయనకి అలవాటు లేదు. "ఏం చేస్తాడు! షాపు మూసేసి ఏ బట్టల కొట్లోనో గుమాస్తాగా చేరుంటాడు" అన్నాడు.

"అయ్యో పాపం" అన్నాడు పెద్దాయన. "ఆ క్యాసెట్టు ఓసారి ఇటిస్తారా సార్?"

ఇచ్చాడు. పెద్దాయన దాన్ని వెలుతురుకి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. రెండో వైపు అంటించిన చీటీ మీద వేలుపెట్టి, "ఈ రాత నాదే సార్" అన్నాడు.

నవ్వులు టక్కున ఆగిపోయాయి.

"ఓయమ్మా! గుమాస్తా గారు నా పక్కనే కూర్చున్నాడే!" అంది ఆదెమ్మ.

"గుమాస్తాని కాదులే అక్కా. చెవి మిషన్లు అమ్ముతున్నా, మస్తాన్ దర్గా పక్క సందులో." కోటయ్య మాస్టారి వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు, అదే మాస్టారికి మరీ కష్టంగా ఉంది. "చెవుల్లో పోసుకుంటారా అని నేనే అన్నాను సార్, తమాషాకి. దాని తర్వాత అసలు జవాబు చెప్పబోయాను. మీరప్పటికే స్కూటర్ స్టార్ట్ చేశారు. అప్పట్లో నాకు ఎదురుగా మాట్లాడాలంటే నోరు పెగిలేది కాదు, మీకు తెలుసుగా. అందుకని మీ ప్రశ్నలన్నిటికీ ఆ రాత్రి జవాబులు ఇందులో చెప్పి, మర్నాడు మీ కాలేజీకి పంపాను. విన్నారా సార్?"

ఇరవై రెండేళ్లుగా ఆ క్యాసెట్టు ఆయన సంచీలోనే ఉంది. పెన్సిలు పెట్టి తిప్పడమే గానీ ఒక్కసారీ పెట్టి వినలేదు. ముప్పైమంది చూస్తున్నారు. "ఇవాళ్టికి చాలు" అనేసి ఎటు చూడాలో తెలియక బోర్డు తుడిచాడు. దాని మీద ఏమీ రాసి లేదు.

మర్నాడు పొద్దున్నే కోటయ్య షాపుకి వెళ్లాడు. ఒక ముసలమ్మ చెవికి మిషను పెట్టి, "వినపడుతోందా పెద్దమ్మా?" అని కోటయ్య అడుగుతున్నాడు. మాస్టారు బయటే నిలబడ్డాడు. "వీధిలో ఎందుకు సార్, లోపలికి రండి" అని కోటయ్య స్టూలు వేశాడు. టీ చెప్పాడు. అటక మీంచి పాత టేపు రికార్డరు దించి, క్యాసెట్టు రెండో వైపు పెట్టి మీట నొక్కాడు.

కాసేపు గరగర. తర్వాత పడుచు గొంతొకటి కూడబలుక్కుంటూ మొదలైంది.

"నమస్కారం సార్. పదేళ్ల తర్వాత ఈ షాపు ఎట్టా ఉంటదని అడిగారు. ఉండదు సార్. మహా అయితే రెండేళ్లు. మా అమ్మకి చెవుడొచ్చింది, మిషను కోసం మద్రాసు దాకా పోవాల్సొచ్చింది. ఆ పని నేర్చుకుందామని ఒకాయన్ని అడిగాను, రమ్మన్నాడు. చదువుకున్నవాళ్లు మీరు, ఇందులో తప్పేమన్నా ఉంటే వచ్చి చెప్పండి సార్. మీకోసం చూస్తుంటా."

టేపు తిరుగుతూనే ఉంది. మాస్టారు తల దించుకున్నాడు. ఎన్ని బ్యాచీలు, ఎన్ని నవ్వులు! ఈ మనిషి మాట తడబడటాన్ని తను ఎంత బాగా అనుకరించేవాడు!

"ఇన్నేళ్లూ నా గురించి ఏమనుకున్నారు కోటయ్య గారూ?"

"పెద్దోళ్లకి పెద్ద పనులుంటాయిలే అనుకున్నా సార్."

తిట్టినా బాగుండుననిపించింది మాస్టారికి.

మళ్లీ ఆదివారం వచ్చింది. పోయినసారి జరిగింది విని ఈసారి వెనక నిలబడ్డవాళ్లు కూడా ఉన్నారు. మాస్టారు ముందు ఒక్కొక్కరినీ పేరడిగాడు, ఏం వ్యాపారమో అడిగి రాసుకున్నాడు. కోటయ్య వంతు వచ్చినప్పుడు ఆయనకి రెండు చేతులూ జోడించాడు. తర్వాత బోర్డు దగ్గరికెళ్లి, "ఇవాళ మారని మనిషి కథ చెబుతాను. అతని పేరు త్రివిక్రమరావు" అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు, ఏదీ దాచలేదు. ఎవరినీ అనుకరించలేదు. ఎవరూ నవ్వలేదు.

చివరికి ఆదెమ్మే అడిగింది. "అయితే ఆ మాస్టారు ఇప్పుడేం చేస్తున్నాడు సార్?"

"వినడం నేర్చుకుంటున్నాడమ్మా. ఈ వయసులో కొంచెం కష్టంగానే ఉంది" అన్నాడు త్రివిక్రమరావు. సుద్దముక్క తీసుకెళ్లి కోటయ్య చేతిలో పెట్టి, ఆయన లేచిన చోట తను కూర్చున్నాడు.

నీతి: ఎదుటివాణ్ణి మారమనే ముందు అతను చెప్పేది పూర్తిగా వినాలి; వినడం మానేసినవాడు ఎంత చదివినా వెనకబడిపోతాడు.