కాపలా కొమ్మ దిగిన నల్లప్ప

అనగనగా ఒక అడవిలో పులీ లేదు, సింహమూ లేదు. అందుకని ఈ కథలోకి అవి రావు. ఆ అడవిలో ఉన్న భయమల్లా అడవికుక్కలది. అవి గుంపుగా వచ్చి గుంపుగానే వేటాడతాయి. వాటిని తప్పించుకోవడానికి జింకలూ కొండముచ్చులూ ఒక ఒప్పందం చేసుకున్నాయి. కొండముచ్చు చెట్టెక్కి కాపలా కాయాలి. కుక్కలు రాగానే గట్టిగా అరిచి, ఎటు పరుగెత్తాలో చెప్పాలి. కొండముచ్చులు నేలకు దిగినప్పుడు జింకలు వాసన పట్టి హెచ్చరించాలి.

ఆ కాపలా పని నల్లప్ప అనే కొండముచ్చుది. వయసులో ఉన్నప్పుడు అతను ఒకచోట కుదురుగా ఉండేవాడు కాదు. వాగు నుంచి గుట్ట దాకా కొమ్మ మీంచి కొమ్మ మీదికి దూకుతూ తిరిగేవాడు. ఏ పిట్ట ఎక్కడ వాలుతుందో, ఏ జింక ఎవరి కూతురో అన్నీ అతనికి తెలుసు.

నల్లప్పకు వయసు మళ్ళింది. "ఇన్నాళ్ళూ మన కోసం తిరిగాడు. ఇంకా తిప్పితే మనకే పాపం" అనుకున్నారు అందరూ. అక్కడ ఒక ఆచారం ఉంది. కాపలాదారు ముసలివాడైతే అతన్ని పెద్ద మద్దిచెట్టు పంగలో కూర్చోబెట్టి, అక్కణ్ణించే కాపలా కాయమంటారు. చిగుళ్ళూ పళ్ళూ అక్కడికే తెచ్చిపెడతారు. లేవబోతే, "అయ్యో తాతా, నువ్వెందుకు లేవడం!" అని మళ్ళీ కూర్చోబెడతారు. ఇదంతా మర్యాద కింద లెక్క. ఆ మర్యాద మీద ఎవరికీ అనుమానం రాలేదు. నల్లప్పకైతే అసలే రాలేదు. నేరేడుపళ్ళు నోటిదాకా వస్తుంటే ఎవరికి మాత్రం వస్తుంది?

మొదట అతను పేర్లు మరిచిపోయాడు. చుక్కమ్మ అనే జింకను ఆమె తల్లి పేరు పెట్టి పిలిచాడు. అందరూ నవ్వారు.

తర్వాత ఒక ఎండుమొద్దును చూసి కుక్క అని అరిచాడు. అందరూ గుట్టెక్కి, రొప్పుతూ తిరిగి వచ్చారు. ఈసారి నవ్వినవాళ్ళు కొందరే.

మూడోసారి ఎవరూ నవ్వలేదు. ఒక పొద్దున పచ్చికలోకి ఒకే ఒక అడవికుక్క వచ్చింది. అందరికీ కనబడేట్టు తీరుబడిగా నడుస్తోంది. నల్లప్ప దాన్ని చూశాడు. ఒక్కటే ఎందుకొచ్చింది, మిగతావి ఏమయ్యాయి అన్న ప్రశ్న అతని బుర్రలోకి రానేలేదు. "వాగువైపు! వాగువైపు పరుగెత్తండి!" అని అరిచాడు. మిగతా కుక్కలన్నీ వాగు గట్టు కిందే నక్కి ఉన్నాయి. చుక్కమ్మ బిడ్డ తిరిగి రాలేదు.

ఆ సాయంత్రం చుక్కమ్మ మద్దిచెట్టు కిందికి వచ్చింది. తిట్టలేదు.

"తాతా, నీకు కుక్క కనబడలేదా?" అని అడిగింది.

"కనబడిందమ్మా. కళ్ళు బాగానే ఉన్నాయి. చూసింది తలకెక్కలేదు" అన్నాడు నల్లప్ప. అతనికి ఏడుపొచ్చింది. చుక్కమ్మ వెళ్ళిపోయింది.

మర్నాడు అందరూ సమావేశమయ్యారు. కాపలా మార్చేద్దామన్నారు కొందరు. కుర్ర కొండముచ్చులకు కుక్కల జిత్తులు తెలియవన్నారు మరికొందరు. చివరికి ఒక మాట తేల్చారు. వానాకాలంలో కుక్కలు అవతలి లోయకు పోతాయి. అవి తిరిగొచ్చేలోగా నల్లప్ప తేరుకోవాలి. తేరుకోకపోతే ఆ పని ఇంకొకరికి.

నల్లప్ప ఈడుదే అయిన మల్లక్క అనే కణుజు ఉండేది. కణుజంటే జింక జాతిదే, దుప్పి కన్నా పెద్దది, కొంచెం మొండిది. గుట్ట అవతల ఉన్న చౌడునేలలో ఉప్పు నాకడానికి ఆమె రోజూ నడిచి వెళ్ళి వచ్చేది.

"నీకేం మల్లక్కా, అన్నీ గుర్తుంటాయి. పెట్టి పుట్టావు" అన్నాడు నల్లప్ప.

"పెట్టి పుట్టడమా! ఆమధ్య కాల్లో ముల్లు దిగి నేనూ పొదలోనే పడున్నాను, అన్నా. లేచేసరికి చౌడునేలకు దారే మరిచిపోయాను. మళ్ళీ నడవగా నడవగా గుర్తొచ్చింది. ఒళ్ళు కదిలితేనే కదా నెత్తురు పరుగెత్తేది. అది తలదాకా పోవద్దూ? రేపట్నుంచి నాతో రా. నేను కింద నడుస్తా, నువ్వు కొమ్మల మీద రా."

"నా కీళ్ళు పట్టేశాయి."

"కూర్చుంటే ఇంకా పట్టేస్తాయి. మెల్లగానే పోదాం. నన్నేమైనా కుక్కలు తరుముతున్నాయా?"

నల్లప్ప ఒక రాత్రంతా ఆలోచించి, తెల్లవారగానే పంగలోంచి లేచాడు. మనవలు పళ్ళతో ఎదురొచ్చారు.

"ఈ వయసులో తిరుగుతావా తాతా? నలుగురూ మమ్మల్ని ఏమనుకుంటారు?"

"చుక్కమ్మ బిడ్డ పోయినప్పుడు నన్నేమనుకున్నారో, మిమ్మల్నీ అదే అనుకోనివ్వండి. దారి తప్పుకోండి" అన్నాడు నల్లప్ప.

మొదటిరోజు మూడో చెట్టు దగ్గరే ఆయాసం వచ్చి కూలబడ్డాడు. ఆ అలసటలో మల్లక్క పేరు కూడా మరిచిపోయాడు. ఆమె పట్టించుకోలేదు. మర్నాడు ఇంకొంచెం దూరం పోయాడు. వానలు ముదిరేసరికి గుట్ట దాటాడు. కుర్రవాడేమీ అయిపోలేదు. కీళ్ళు అప్పుడప్పుడూ మూలుగుతూనే ఉన్నాయి. కానీ దారిలో మాటలు పెరిగాయి.

"నీకు ముల్లు గుచ్చుకుంది ఈ తునికిచెట్టు కిందే కదూ?" అన్నాడు ఒకరోజు.

ఇంకోరోజు కొమ్మ మీద ఆగి, "కొంగలు నీళ్ళలో లేవు, చెట్టెక్కి కూర్చున్నాయి. వాగు దగ్గర ఎవరో ఉన్నారు" అన్నాడు. మల్లక్క వెళ్ళి చూస్తే ఒక ఎలుగుబంటి నీళ్ళు తాగుతోంది.

వానలు వెలిశాయి. ఒక పొద్దున పచ్చికలోకి ఒకే ఒక అడవికుక్క వచ్చింది. అదే తీరుబడి, అదే నడక. జింకలు తలలెత్తి నల్లప్ప వైపు చూశాయి.

నల్లప్ప వెంటనే అరవలేదు. ఆ కుక్క చూపు జింకల మీద లేదు. మాటిమాటికీ వాగువైపు చూస్తోంది. అతను కూడా వాగువైపు చూశాడు. కొంగలన్నీ చెట్ల మీదున్నాయి.

"గుట్ట మీదికి! వాగువైపు ఒక్క అడుగు కూడా వెయ్యొద్దు!" అని అరిచాడు.

ఎవరూ కదల్లేదు. కిందటిసారి ఇతని మాట విని ఏమైందో అందరికీ గుర్తుంది. అప్పుడు చుక్కమ్మ ఒక్కసారి పైకి చూసి, గుట్టవైపు తిరిగి పరుగెత్తింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లే అతన్ని నమ్మాక మిగతావాళ్ళు ఎందుకు ఆగుతారు? అందరూ ఆమె వెనకే గుట్టెక్కారు. గట్టు కింది కుక్కలు లేచి వచ్చేసరికి పచ్చిక ఖాళీగా ఉంది.

సాయంత్రం అందరూ పళ్ళు పట్టుకుని మద్దిచెట్టు దగ్గరికి వచ్చారు. చుక్కమ్మ కూడా వచ్చింది.

"నా బిడ్డ ఎలాగూ రాదు తాతా. వీళ్ళ బిడ్డలు మిగిలారు. అది చెబుదామని వచ్చాను" అంది.

నల్లప్ప చెట్టు దిగి ఆమె ముందు తల వంచాడు.

"ఇంకనైనా పంగలో కూర్చో తాతా, పళ్ళు తెచ్చాం" అన్నారు మనవలు.

"పళ్ళు తేవడం మానకండి. నాకిష్టమే. కాకపోతే ఇక్కడొద్దు. చౌడునేల దగ్గర చివరి చెట్టు మీద పెట్టండి. నేనే వచ్చి తింటాను" అన్నాడు నల్లప్ప.

అప్పటినుంచి ఆ అడవిలో ఆచారం మారింది. ముసలి కాపలాదారుకు పళ్ళు అన్నిటికన్నా దూరపు చెట్టు మీద పెడతారు. తోడుగా ఎవరో ఒకరు కబుర్లు చెబుతూ కింద నడుస్తారు. మద్దిచెట్టు పంగలో ఒక గుడ్లగూబ కాపురం పెట్టింది. దానికి మాత్రం ఎవరూ పళ్ళు తేరు.

నీతి: ఒళ్ళు కదలడం మానేస్తే తెలివి కూడా మెల్లగా కూలబడుతుంది. పెద్దవాళ్ళ మీద ప్రేముంటే వాళ్ళను కూర్చోబెట్టేయకుండా, వాళ్ళతో కలిసి నడవాలి.