దొర గురి తప్పదు

చిన్న కథే, కూర ఉడికేలోపు చెప్పేస్తాను. మా ఎదురింటి వీరలక్ష్మి కూరైతే ఈపాటికి మాడే ఉంటుంది. సరే, అది రోజూ ఉండేదే.

వెనకటికి ఒక దొర, గడ్డిబీడులో జింకల వేటకు వెళ్లి, ముందు నడుస్తూ దారి చూపుతున్న ఓబయ్యను బాణమేసి చంపాడు.

"దొరవారి గురి తప్పదు. కాబట్టి పడింది జింకే" అని దివాను తేల్చాడు. ఊరంతా తల ఊపింది. మా ముత్తాత రెండుసార్లు ఊపాడట.

మర్నాడే దారి చూపడానికి రమ్మని ఓబయ్య తమ్ముడు గంగులుకు కబురొచ్చింది. అతను ఖాళీ పళ్లెం పట్టుకుని దొర ముందు నిలబడ్డాడు.

"వస్తాను దొరా. కానీ కొట్టిన జింక కార్జం తినందే మళ్లీ జింకల వేటకు పోకూడదని మీ తాతగారు పెట్టిన ఆచారం. మా అన్నను నిన్ననే పూడ్చాం. తవ్వి తెమ్మంటారా? పడింది మనిషేనంటారా?"

దొర దివాను వైపు తిరిగాడు.

"జింకల వేట చాలిస్తున్నాం. ఇకనుంచి కౌజుపిట్టలే. దారి దివాను చూపిస్తాడు" అన్నాడు.

గంగులు బతికిపోయాడు. దివాను వారం తిరక్కుండానే పోయాడు. పడింది కౌజుపిట్టేనని కొత్త దివాను తేల్చాడు.