అయిదు అక్షరాల బిరుదు

మ్యాపు మీద ఒక్క చినుకు పడితే మొత్తం తడిసిపోయేంత రాజ్యం ఒకటి ఉండేది. పేరు కొమరగిరి. దొరలు దేశాన్ని ఏలుతున్న కాలం అది. కొమరగిరి మహారాజు విజయరంగ భూపతి వారికి ఏనుగులు రెండు, రాణి ఒకరు, బిరుదులు బోలెడు. వీటిలో ఆయన రోజూ తలుచుకునేవి మాత్రం బిరుదులే.

కోట వెనకాల రాజుగారి అచ్చుగది. అందులో గవరయ్య అనే మనిషి ముప్పై ఏళ్ళుగా అక్షరాలు పేర్చే పని చేస్తున్నాడు. గోడ పొడుగునా గళ్ళపెట్టెలు, గళ్ళ నిండా సీసంతో పోసిన తెలుగు అక్షరాలు. మధ్యాహ్నం వేళ కిటికీలోంచి ఎండ వచ్చి, వాటి మీద మెల్లమెల్లగా జరుగుతూ పోయేది. ఆ వేళకి గవరయ్య కళ్ళు సగం మూతపడేవి, చేతులు మాత్రం పని మానేవి కావు. ఏ గుణింతం ఏ గడిలో ఉందో, ఏ ఒత్తు అంచు అరిగిందో వేళ్ళకే తెలుసు. ఆ మగతలో అక్షరాలు గళ్ళలోంచి లేచి, గదంతా తేలుతూ, ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నట్టు ఉండేది. పిల్లలు లేని మనిషి, వాటి మీదే ప్రాణం పెట్టుకున్నాడు.

ఒక వానాకాలం రాజుగారికి కొత్త పిచ్చి పట్టుకుంది. కలెక్టరు దొర బంగళాలో చూసొచ్చిన ఆట అది. ఇంగ్లీషు అక్షరాలు చెక్కిన దంతపు బిళ్ళలు ఉంటాయి, వాటిని అటూ ఇటూ మార్చి మాటలు కట్టాలి. రాజుగారు అందులోంచి ఏ, ఈ, ఎల్, ఎస్, టి అనే అయిదు బిళ్ళలు ఏరుకుని మూడు నెలలు ఉయ్యాలబల్ల దిగలేదు. బయట వాన చప్పుడు, లోపల బిళ్ళల చప్పుడు. వడ్డించిన అన్నం చల్లారిపోయేది.

చివరికి ఒకరోజు దర్బారు పెట్టి, వెండి పళ్ళెంలో బిళ్ళలు పేర్చి చూపించారు.

"స్లేట్! అంటే పలక. ఇవే అక్షరాలు ఇలా మారిస్తే టేల్స్, కథలు. ఇలా పెడితే స్టీల్, దొంగిలించడం. ఇదిగో స్టేల్, పాసిపోయినది. ఇది లీస్ట్, అన్నిటికన్నా తక్కువ. అయిదే అక్షరాలు, అయిదు మాటలు!"

"అద్భుతం మహాప్రభో!" అన్నాడు దివాను భావనారాయణ పంతులు. ఆయన రాజుగారు తుమ్మినా ఆ మాటే అనేవాడు.

"మరి మన అచ్చుగదిలో ఏముంది? వందల గళ్ళు, బండెడు సీసం. ఎందుకయ్యా అంత? ఆ తెలుగు అక్షరాలన్నీ కరిగించండి. ఈ అయిదూ నిలువెత్తున పోతపోసి కోట గుమ్మం మీద నిలబెడదాం. గవర్నరు దొర వచ్చి చూసి నోరెళ్ళబెట్టాలి!"

వెనక వరసలో ఉన్న గవరయ్య దిగ్గున లేచాడు. ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"బాబయ్యా, మా నాన్న పడవలో తెచ్చిన అక్షరాలండి అవి. తమరి పట్టాభిషేకం పత్రిక వాటితోనే అచ్చయింది. కరిగించకండి."

రాజుగారు మీసం దువ్వారు. "అలాగా! అయితే ఈ అయిదింటితోనే ఆరో మాట కట్టుకురా. మూడు నెలలు వెతికి లేదని తేల్చినవాణ్ణి నేను. వచ్చే పౌర్ణమి దర్బారుకి తెచ్చావా, నీ సీసం నీకే. తేలేకపోయావా, కొలిమి ముట్టించేది నువ్వే."

గవరయ్యకి ఇంగ్లీషు అక్షరాలు పేర్చడం వచ్చు గాని, చదివితే అర్థం తెలియదు. నాలుగు రోజులు తిండి సయించలేదు. అయిదో రోజు మధ్యాహ్నం ఆ అయిదు అక్షరాలూ అరచేతిలో పోసుకుని కూర్చున్నాడు. వాన సన్నగా పడుతోంది. కళ్ళు మూతపడ్డాయి. అక్షరాలు చేతిలోంచి లేచి, రాజుగారి కిరీటం చుట్టూ తూనీగల్లా తిరుగుతున్నట్టు అనిపించింది. వాటిని చూసి రాజుగారు మురిసిపోతున్నారు.

గవరయ్య ఉలిక్కిపడి లేచాడు. తర్వాత తనలో తనే నవ్వుకున్నాడు.

ముప్పై ఏళ్ళలో ఎందరో పెద్దమనుషులకి అతను ప్రూఫులు, అంటే అచ్చుకి ముందు సరిచూసుకునే నమూనా కాగితాలు, చూపించాడు. బిరుదు ఒకటి తగ్గితే ఇల్లు ఎగిరిపోయేలా కేకలేసినవాళ్ళు ఉన్నారు. ఒకటి ఎక్కువైతే కొట్టేసినవాడు ఒక్కడూ లేడు.

పౌర్ణమి దర్బారుకి ఆహ్వానపత్రిక వేసే పని అతనిదే. రాజుగారి పేరుకు ముందు, బిరుదులన్నిటికీ పైన, లతలు చుట్టిన పెద్ద ఇంగ్లీషు అక్షరాలు అయిదు పేర్చి, ప్రూఫు తీసి పట్టుకెళ్ళాడు. దొరికితే పని పోవడమే కాదు, ఊరు కూడా విడవాలి.

దివాను పైకి చదివి ఆగిపోయాడు. "ఎల్టాస్... ఇదేమిటి ప్రభూ?"

రాజుగారు కాగితం అందుకున్నారు. లతలు చూశారు, కింద తన పేరు చూశారు, తన అయిదు బిళ్ళల అక్షరాలే అవని తట్టలేదు. ఒక్క క్షణం కనురెప్పలు టపటపలాడాయి.

"ఇంత చదివి ఇది తెలియదా పంతులూ? దొరలు ఈ మాట అందరికీ వాడరు. విద్యకి నీడనిచ్చే మహానుభావుడని అర్థం. మొన్న కలెక్టరు నన్ను అన్నదే!"

"అద్భుతం మహాప్రభో!"

రాజుగారు 'అచ్చు వేయవచ్చు' అని రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టారు. పత్రికలు ఊరూరా వెళ్ళాయి. ఆనాటి నుంచి దివాను "ఎల్టాస్ ప్రభువుల వారికి జయము" అంటూ వంగి దణ్ణం పెట్టేవాడు. కోట కాపలావాళ్ళు కూడా నాలుక తిప్పుకుని అదే అనేవారు. చివరికి పట్టపుటేనుగు నుదుటి గుడ్డ మీద ఆ మాట జరీతో కుట్టించారు.

పౌర్ణమి నాడు దర్బారు కిక్కిరిసింది. గవరయ్య దంతపు బిళ్ళలు ఒక్కొక్కటే పళ్ళెంలో పేర్చి ఎత్తి చూపించాడు.

"ఈ... ఎల్... టి..." రాజుగారు కూడబలుక్కుని గభాలున లేచారు. "ఇలాంటి మాట ఇంగ్లీషులోనే లే—"

అక్కడే గొంతు ఆగిపోయింది. గుమ్మం దగ్గర ఏనుగు తల ఊపుతోంది. నుదుటి మీద జరీ తళతళలాడుతోంది.

గవరయ్య ప్రూఫు తీసి, మెత్తగా అన్నాడు. "మాట లేదని తమరు సెలవిస్తే ఇప్పుడే కొలిమి ముట్టిస్తాను బాబయ్యా. కాకపోతే ఈ వారం రోజులూ తమరు ఏమై ఉన్నారో దర్బారుకి తమరే చెప్పాలి. మాట ఉందంటారా, అర్థం తమరే చెప్పారు. విద్యకి నీడనిచ్చే ప్రభువు చేత్తో అక్షరాలు ఎలా కరుగుతాయండి?"

రాజుగారి ముఖం ఎర్రబడింది, మీసం వణికింది. గవరయ్య కళ్ళు మూసుకున్నాడు. ఇక అంతా అయిపోయిందనే అనుకున్నాడు.

వినిపించింది నవ్వు. రాజుగారు పొట్ట పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ, సింహాసనం చెయ్యి చరుస్తూ నవ్వుతున్నారు.

"ఓరి గవరయ్యా! ఎక్కడ నేర్చావురా ఇంత ఇంగ్లీషు?"

"ఒక్క ముక్క రాదు బాబయ్యా. ప్రూఫులు చూపించి చూపించి మనుషులు కాస్త తెలిశారు, అంతే."

రాజుగారు భుజాన ఉన్న జరీ శాలువా తీసి గవరయ్యకి కప్పారు. సీసం ఎవరూ ముట్టుకోకూడదని అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చారు. మర్నాడు మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా, ఒక్కరే అచ్చుగదికి నడిచి వచ్చారు. గళ్ళ మీద ఎండ జరుగుతూ ఉంటే చాలాసేపు చూస్తూ నిలబడ్డారు.

"బాబయ్యా, తరవాతి పత్రికల్లో ఆ మాట తీసేయమంటారా?" అడిగాడు గవరయ్య.

రాజుగారు ఒక గడిలో వేలు పెట్టి అక్షరాలు కదిపారు. "ఉండనీరా," అన్నారు. "మాట నీది. అర్థం మాత్రం నేనే చెప్పాను కదా. దానికి తగ్గట్టు ఉండగలనేమో చూస్తాను."

గవరయ్య ముక్కాలిపీట తుడిచి రాజుగారి ముందుకు జరిపి, మొదటి గడిలోంచి 'అ' తీసి ఆయన చేతిలో పెట్టాడు.