పారమ్మ ముడి

ఇంతకుముందు నేను ఏదీ రాయలేదు. ఐదో తరగతితో నా బడి ఆగిపోయింది. పదిమందిలో మాట్లాడాలన్నా నాకు సిగ్గు. ఈ కథ మా అత్త చెప్పగా విన్నాను. నా దగ్గర ఆగిపోకూడదని రాస్తున్నాను.

కొండ మీదికి దారి కొత్తగా పడిన కాలం అది. కొండ మీది ఊళ్ళన్నిటికీ కలిపి కారు ఒక్కటే. దారి కొత్తది, కారు మాత్రం పాతది.

ఆ కొండ మీద నేతవీధిలో పారమ్మ అని ఒకామె ఉండేది. ఆమె నేసేది కాదు, అచ్చులు అతికేది. మగ్గం మీద పాత అచ్చు, అంటే నిలువు పోగుల చుట్ట, అయిపోతే మిగిలిన పోగులకి కొత్త పోగులు ఒక్కొక్కటీ మెలిపెట్టి కలపాలి. వందల పోగులు. వేళ్ళు జారకుండా బూడిద అద్దుకుంటూ కలపాలి. అందుకని పారమ్మ కొంగున ఎప్పుడూ బూడిద పొట్లం ఉండేది. నోట మాట మాత్రం ఉండేది కాదు. మగవాళ్ళు ఎదురైతే గోడకి అంటుకుపోయేది. "నోటికి కూడా ముడేసుకుంది" అని వీధిలో వాళ్ళు నవ్వేవాళ్ళు.

ఒకరోజు పక్కింటి నీలవేణి కూతురు, మూడేళ్ళ పిల్ల, చింతపిక్క మింగింది. అది కడుపులోకి పోలేదు, ఊపిరి దారిలో అడ్డుపడింది. ఊపిరి తీస్తే ఈల. వదిలితే ఈల. దాన్ని తీసే డాక్టరు కొండ కింద ఆసుపత్రిలో ఉన్నాడు.

నీలవేణి ఒక చేత్తో పిల్లని ఎత్తుకుంది. ఇంకో చేత్తో పారమ్మ చెయ్యి పట్టుకుంది. కారెక్కినా ఆ చెయ్యి వదల్లేదు. అలా పారమ్మ మొదటిసారి కారెక్కింది.

కారు నడిపేది దాలినాయుడు. మంచివాడే, కాకపోతే తొందర మనిషి. కారుకి ఏ రోగమొచ్చినా అతని దగ్గర మందు ఒకటే. "డైరెక్టు ఇచ్చేస్తే సరి" అనేవాడు. స్విచ్చు పాడైతే దాన్ని వదిలేసి వైరుకి వైరు కలిపేసేవాడు. అలా కలిపీ కలిపీ డాష్‌బోర్డు వెనక కాకిగూడు చేసిపెట్టాడు.

మూడు మలుపులు దిగారు. మంచు కమ్మింది. మిట్టమధ్యాహ్నం, అయినా బానెట్టు చివర కనబడదు. దాలినాయుడు లైట్లు వేశాడు. మిణుక్కుమని ఆరిపోయాయి. హారన్ నొక్కాడు. గురక పెట్టి ఊరుకుంది. వైపరు తిప్పాడు. సగం దాకా లేచి నిలబడిపోయింది.

కారుని కొండగోడ పక్కకి తీసి ఆపేశాడు.

"ఇంజను ఉంది. కళ్ళు లేవు. గొంతు లేదు" అన్నాడు. "లారీలు పైకి ఎక్కే వేళ. ఇలా దిగితే లారీ కిందకో లోయలోకో పోతాం."

"నడిచి దిగుదాం అన్నా" అంది నీలవేణి.

"ఎనిమిది మైళ్ళమ్మా."

పిల్ల గొంతులో ఈల.

దాలినాయుడు ఫ్యూజు తీశాడు. తీగ తెగలేదు, బాగానే ఉంది. అయినా కొత్తది పెట్టాడు. ఇంజను ఉంది. కళ్ళు లేవు. గొంతు లేదు. పిల్ల గొంతులో ఈల కొంచెం సన్నబడింది.

లైటు స్విచ్చు ఊడదీసి, ఊది, తుడిచి పెట్టాడు. ఇంజను ఉంది. కళ్ళు లేవు. గొంతు లేదు. ఈల ఇంకా సన్నబడింది.

వెనక సీట్లోంచి పారమ్మ డాష్‌బోర్డు వైపే చూస్తోంది. అతను లైటు వేస్తే పెట్రోలు ముల్లు పైకి లేస్తోంది. హారన్ నొక్కితే వైపరు వణుకుతోంది. వైపరు తిప్పితే ముల్లు దగ్గరి చిన్న బల్బు కునుకుతోంది.

మగ్గం మీద ఒక పోగు తెగితే ఆ ఒక్క పోగే వదులవుతుంది. అన్ని పోగులూ ఒక్కసారి వదులైతే తెగింది పోగు కాదు. అన్నిటినీ కలిపి కట్టినచోట ముడి జారింది. పారమ్మకి అది తెలుసు. చెబుదామని నోటిదాకా వచ్చింది. పరాయి మగవాడు. నోరు పెగల్లేదు.

దాలినాయుడు జేబులోంచి కత్తి తీశాడు. "ఇంక డైరెక్టే" అంటూ వైర్ల గుత్తిని గుప్పిట బిగించి, కత్తి ఆనించాడు.

అప్పుడు ఈల ఆగిపోయింది. నీలవేణి పిల్లని కుదిపింది. ఈల మళ్ళీ వచ్చింది, దారప్పోగంత సన్నగా.

పారమ్మ చెయ్యి ముందుకి పోయి దాలినాయుడి మణికట్టు పట్టుకుంది.

"కొయ్యకు బాబూ."

దాలినాయుడి కంటే నీలవేణే ఎక్కువ ఉలిక్కిపడింది. వీధిలో పారమ్మ గొంతు విన్నవాళ్ళు తక్కువ.

"పిన్నీ, ఇది మగ్గం కాదు. మోటారు" అన్నాడు దాలినాయుడు.

"అవును. ఇవన్నీ ఎక్కడ కట్టారు?"

"కట్టడమేటి?"

"ఒక్కోటీ పాడవలేదు బాబూ. అన్నీ కలిసి పాడయ్యాయి. అన్నీ కలిసే చోటు ఏది?"

దాలినాయుడు కత్తి పక్కకి తీశాడు. "నల్ల వైర్లన్నీ ఒక్క స్క్రూ కింద పెట్టి కారు ఇనప బాడీకి బిగిస్తారు. ఎర్తు అంటారు. డాష్‌బోర్డు వెనక, ఆ కింద మూలకి. నా చెయ్యి దూరదు. నేనెప్పుడూ చూళ్ళేదు."

"నాది దూరుతుంది."

కత్తి ఇమ్మని అడిగి తీసుకుంది. ముందు సీటు దగ్గరికి వచ్చి, కారు నేల మీద వెల్లకిలా పడుకుని, ఆ కాకిగూట్లోకి చెయ్యి పెట్టింది. కళ్ళు మూసుకుంది. ఒక నల్ల వైరు దొరికింది. దాని వెంట వేళ్ళు నడిపింది. ఇంకోటి వచ్చి కలిసింది. ఇంకోటి కలిసింది. చివర స్క్రూ తగిలింది. పాలపన్నులా కదులుతోంది. చుట్టూ తడి, తుప్పు.

"పారమ్మత్తా, పిల్ల పెదాలు నల్లబడుతున్నాయి" అంది నీలవేణి.

"ఈల వినబడుతోందా?"

"వినబడుతోంది."

"వింటూ ఉండు."

స్క్రూ వేళ్ళతోనే ఊడివచ్చింది. దాన్ని పళ్ళ మధ్య పెట్టుకుంది. కొంగు ముడి విప్పి బూడిద తీసింది. ఇనుము మీద అద్ది తోమింది. వైర్ల కొసలు తోమింది. స్క్రూ తోమింది. తుప్పు గరగరలాడింది. నున్నగా తగిలేదాకా తోమి, కొంగుతో తుడిచి, నల్ల వైర్లన్నీ ఒక్కచోట చేర్చి స్క్రూ ఎక్కించింది. కొయ్యడానికి తీసిన కత్తి మొనతోనే దాన్ని బిగించింది.

"ఇప్పుడెయ్యి."

దాలినాయుడు లైట్లు వేశాడు. ఎదర మంచు అంతా పాలలా తెల్లబడింది. హారన్ నొక్కాడు. కొండ తిరిగి పలికింది. సగంలో నిలబడ్డ వైపరు మిగతా సగం తిరిగింది.

 మలుపు మలుపుకీ హారన్ కొడుతూ దిగారు. ఒక మలుపులో కింద నుంచి ఇంకో హారన్ జవాబిచ్చింది. దాలినాయుడు బ్రేకు తొక్కాడు. మంచులోంచి లారీ మొహం బయటికొచ్చి జానెడు దూరంలో ఆగింది. లారీ డ్రైవరు తల బయటపెట్టి, "లైటు కనబడబట్టి సరిపోయింది" అని వెనక్కి తీసుకున్నాడు.

ఆసుపత్రిలో పిల్లని లోపలికి తీసుకెళ్ళారు. నీలవేణి మళ్ళీ పారమ్మ చెయ్యి పట్టుకుంది, ఇద్దరూ బయట నేల మీద కూర్చున్నారు. చాలాసేపటికి తలుపు వెనక చప్పుడు వినబడింది. అది ఈల కాదు, ఏడుపు. అప్పుడు నీలవేణి పారమ్మ చెయ్యి వదిలింది.

పారమ్మ ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పినవాడు దాలినాయుడు. అచ్చులు అతుకుతూనే ఆమె ముసలిదై చనిపోయింది. పోయిన రోజు కొండ మీదికి ఎక్కే బళ్ళన్నీ నేతవీధి మలుపులో ఒక్కసారి హారన్ కొట్టాయట. ఇప్పటికీ కొడతాయి. ఆ దారిలో పాత కార్లకి లైటు మిణుకుమిణుకుమంటే మెకానిక్కులు ఫ్యూజు జోలికి పోరు. "ముందు పారమ్మ ముడి చూడరా" అంటారు. ఎర్తు అనరు. ఆ కార్ల డాష్‌బోర్డు అరలో చిన్న పొట్లం ఉంటుంది. తెలియనివాళ్ళు విభూది అనుకుని నొసట పెట్టుకుంటారు. డ్రైవర్లు నవ్వుకుంటారే గాని వద్దనరు.

ఆ పొట్లం ఎలా మొదలైందో చెప్పి ఆపేస్తాను.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున పారమ్మ ఎప్పటిలాగే అచ్చు ముందు కూర్చుంది. పక్కన కొబ్బరిచిప్పలో బూడిద. వీధిలో కారు ఆగిన చప్పుడైంది. దాలినాయుడు గుమ్మం బయటే నిలబడ్డాడు.

"పిన్నీ, గుప్పెడు బూడిద పెట్టు. కారులో ఉంచుకుంటాను."

పారమ్మ తల ఎత్తలేదు. కొబ్బరిచిప్పని మోచేత్తో గుమ్మం వైపుకి జరిపి, విడిచిపెట్టిన పోగు వెతుక్కుని అతికింది.